రోజూ తిరగడానికి పికప్ బండి పనికొస్తుందా? కొనేముందు వరుసగా చేయాల్సిన పరీక్షలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈ మధ్య ఒకే రకం ప్రశ్న పదేపదే వస్తోంది. "కొబ్బరితోట ఉంది, ఇంట్లో ఐదుగురం ఉన్నాం. కారొకటి, గూడ్సు బండొకటి ఎందుకు? నాలుగు డోర్ల పికప్ ఒకటి తీసుకుంటే రెండు పనులూ అయిపోవా?" అని.

కొందరికి అయిపోతాయి. కొందరికి రెండూ సగం సగమే అవుతాయి. మీరు ఏ కోవలోకి వస్తారో షోరూంకి వెళ్లకముందే చాలావరకు తేల్చుకోవచ్చు. కింద చెప్పిన వరుస మార్చకండి. చాలామంది టెస్ట్ డ్రైవ్‌తో మొదలుపెడతారు. ఎత్తయిన సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ తొక్కాక ఇక లెక్కలు చెవికెక్కవు.

1. ముందు మీ నెలను కాగితం మీద పెట్టండి

ఒక నోటుబుక్కు తీసుకుని నెల రోజులు రోజుకో వరుస రాయండి. ఎంతమంది ఎక్కారు, ఏం మోశారు, ఎన్ని కిలోమీటర్లు, ఏ రోడ్డు. అంతే. గుర్తున్నంతవరకు రాద్దాంలే అని పోయిన నెల గురించి ఊహించి రాయకండి. బరువు మోసిన రోజులే మనకు గుర్తుంటాయి, ఖాళీగా తిరిగిన రోజులు గుర్తుండవు.

నెల తిరిగాక మూడు ప్రశ్నలు వేసుకోండి.

- కారు డిక్కీలో పట్టని సామాను ఉన్న రోజులు ఎన్ని?
- ఆ రోజుల్లో మనుషులు కూడా ముగ్గురికి మించి ఎక్కారా?
- ఆ సామాను కిరాయి బండిలో పంపితే కుదిరేదా, మీరే వెంట ఉండాలా?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అలాంటి రోజులు నెలకు నాలుగైదు కూడా లేకపోతే పికప్ కొనకండి. ఉన్న కారునే ఉంచుకుని, ఆ రోజుల్లో ఊళ్లో దొరికే చిన్న ట్రాలీ ఆటోని పిలవండి. పికప్‌తో మీరు గడపబోయేది ఎక్కువగా వెనక ఖాళీగా ఉన్న రోజులే. కాబట్టి పరీక్ష కూడా ఎక్కువగా ఖాళీ బండికే పెట్టాలి.

2. ఏ తరగతి బండి చూస్తున్నారో తేల్చుకోండి

డబుల్ క్యాబ్, అంటే నాలుగు డోర్ల పికప్పులన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. లోపల రెండు వేర్వేరు జాతులు.

మొదటిది ఇంటి వాడకం కోసం చేసినవి. ఇసుజు వి-క్రాస్, టొయోటా హైలక్స్ ఈ కోవలోవి. వి-క్రాస్‌లో 1.9 లీటర్ల డీజిల్ ఇంజిన్, 163 పీఎస్ శక్తి, 360 ఎన్ఎం టార్క్ (లాగే బలం). ఇది మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో తయారవుతుంది. హైలక్స్‌లో 2.8 లీటర్ల ఇంజిన్, 204 పీఎస్, ఆటోమేటిక్ గేర్ల రకంలో 500 ఎన్ఎం టార్క్. రెండూ దాదాపు 5.3 మీటర్ల పొడవు.

రెండోది పనికోసం చేసినవి. మహీంద్రా బొలెరో క్యాంపర్, టాటా యోధా క్రూ క్యాబ్ లాంటివి. శక్తి తక్కువ, సదుపాయాలు తక్కువ, ధర బాగా తక్కువ. కానీ మోసే బరువు ఎక్కువ. బొలెరో క్యాంపర్ 1,000 కిలోల దాకా మోస్తుంది.

ఖరీదైన బండే ఎక్కువ బరువు మోస్తుందని అనుకుంటారు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఆ లెక్క ఎలా వేయాలో నాలుగో భాగంలో చూద్దాం.

3. తెల్ల ప్లేటా, పసుపు ప్లేటా

ఇంజిన్ గురించి అడిగేముందు ఇది అడగండి. మొదటి రకం సాధారణంగా సొంత వాహనంగా తెల్ల ప్లేటుతో రిజిస్టర్ అవుతుంది. రెండో రకం సరుకు రవాణా వాహనంగా పసుపు ప్లేటుతో. ఒకే కంపెనీలో రెండు రకాలూ ఉంటాయి కాబట్టి మీరు చూస్తున్న వేరియంట్ ఏ కోవలో రిజిస్టర్ అవుతుందో కొటేషన్ మీద రాయించుకోండి.

పసుపు ప్లేటు అయితే:

- ఫిట్‌నెస్ కొత్త బండికి 2 ఏళ్లు. ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి.
- మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్సు బండికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 66 ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలి.
- వేగం సాధారణంగా గంటకు 80 కి.మీ. దాటకుండా కట్టేసి ఉంటుంది. రోజూ శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లొచ్చేవారు ఈ ఒక్క విషయం మీదే నిర్ణయం మార్చుకున్నా తప్పులేదు.
- 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే. మడపాం, నాతవలస టోల్‌గేట్లు తరచూ దాటేవారు ఈ తేడాని నెల ఖర్చులో వేసుకోవాలి.

తెల్ల ప్లేటు అయితే ఈ తలనొప్పులు ఉండవు. 15 ఏళ్ల దాకా రిజిస్ట్రేషన్ ఉంటుంది. కానీ కిరాయికి సరుకు వేయడానికి లేదు. సొంత తోట కాయలు, సొంత షాపు సామాను సంగతేమిటంటే, అక్కడే చిక్కు. ప్రమాదం జరిగితే 'వ్యాపారానికి వాడారు' అని ఇన్సూరెన్స్ వాళ్లు మెలిక పెట్టొచ్చు. పాలసీ తీసుకునేముందే "నా సొంత పంట, నా షాపు సరుకు వేసుకుంటే క్లెయిమ్ వర్తిస్తుందా?" అని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఏజెంటు నోటిమాటగా "ఏం పర్లేదు సార్" అన్నది ఎక్కడా పనికిరాదు.

లైసెన్స్ గురించి టెన్షన్ అక్కర్లేదు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని మామూలుగా కారుకిచ్చే ఎల్‌ఎంవీ లైసెన్స్‌తో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో చెప్పింది.

4. మోసే బరువు: బ్రోచర్ కాదు, ఆర్‌సీ చూడండి

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. ఆర్‌సీలో రెండు అంకెలుంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు, రెండోది లోడుతో కలిపి గరిష్ఠ బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మీ హద్దు. ఆ హద్దులో మనుషులు కూడా ఉంటారు.

ఉదాహరణకు ఆ తేడా 500 కిలోలు అనుకోండి. ఐదుగురు, మనిషికి 70 కిలోల చొప్పున 350 కిలోలు. మిగిలింది 150. అంటే 50 కిలోల సిమెంటు బస్తాలు మూడు. ధాన్యం అయితే 80 కిలోల బస్తాలు రెండు వేస్తే హద్దు దాటిపోయింది. దానికి తోడు వెనక బాడీకి మూత, అడుగున రబ్బరు పరుపు, పక్కల మెట్లు బిగిస్తే వాటి బరువూ ఇందులోంచే పోతుంది.

దూలాలు మోసేలా కనిపించే బండికి ఇంత తక్కువ హద్దా అని చాలామంది నమ్మరు. బండి విరిగిపోతుందని కాదు. కాగితం మీద అంతే. ఓవర్‌లోడుకు కేంద్ర చట్టంలో జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000. బాడీ దాటి బయటికి పొడుచుకొచ్చిన లోడుకు కూడా 20,000 అని అదే చట్టంలోని సెక్షన్ 194 చెబుతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేదీ ఈ అంకెలే.

ఇంకొక మాట. వెనక బాడీలో మనుషుల్ని ఎక్కించకూడదు. పైడితల్లి సిరిమానోత్సవం రోజు పిల్లలు ఎంత బతిమాలినా సరే.

చేయాల్సింది:

- నోటుబుక్కులో ఎక్కువ బరువు పడిన మూడు రోజుల్ని తీసుకోండి. సరుకు బరువు, మనుషుల బరువు కలపండి.
- దగ్గర్లో రైస్ మిల్లు దగ్గరో, జీడిపిక్కల ఫ్యాక్టరీ దగ్గరో కాటా ఉంటుంది. అనుమానం ఉన్న లోడుని ఒకసారి తూయించండి. కంటి అంచనా ఎప్పుడూ తక్కువే చెబుతుంది.
- వచ్చిన అంకెని ఆర్‌సీ హద్దుతో పోల్చండి. మూడింటిలో రెండు రోజులు దాటితే మొదటి రకం మీకు కుదరదు. రెండో రకమో, విడిగా గూడ్సు బండో చూడాల్సిందే.

5. టేపు పట్టుకుని ఇంటి చుట్టూ ఒక తిరుగుడు

స్విఫ్ట్ పొడవు 3.86 మీటర్లు. ఇన్నోవా క్రిస్టా 4.74. ఈ పికప్పులు 5.3. అపార్ట్‌మెంట్లలో కారుకి గీసే గడి సాధారణంగా 5 మీటర్లే. మూతి గడిలో ఉంటే తోక దారిలో ఉంటుంది, పక్కింటివాళ్లతో రోజూ పంచాయితీ.

కొలవాల్సినవి:

- గేటు వెడల్పు. అద్దాలు తెరిచి ఉన్నప్పటి బండి వెడల్పుకు అటో జానెడు, ఇటో జానెడు ఉండాలి.
- గేటు ఎదురుగా వీధి వెడల్పు. ఈ బండి పూర్తిగా తిరగడానికి సుమారు 12 మీటర్లకు పైనే చోటు కావాలి. మన పాత వీధుల్లో ఒక్క తిప్పుకి లోపలికి రాదు. రెండు మూడు సార్లు ముందుకీ వెనక్కీ ఆడాలి.
- ర్యాంపు. బండి పొడవు ఎక్కువ కాబట్టి నిటారు ర్యాంపు మీద వెనక బంపరో, స్టెప్నీయో రాసుకుంటుందేమో చూడాలి.
- పోర్టికో ఎత్తు. వెనక ఇనుప చట్రం బిగిద్దామనుకుంటే దాన్నీ కలపండి.

ఇక వెనక బాడీ కొలత. డబుల్ క్యాబ్‌లో పొడవు 5 అడుగుల చుట్టూ ఉంటుంది. స్ప్లెండర్ బైకు పొడవు 2 మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు. వెనక డోరు వాల్చకుండా బైకు పట్టదు. 8 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్ షీటు చక్రాల గుమ్మటాల మధ్య పడుకోదు, వాటి మీదకెక్కి కూర్చుంటుంది. బోరు పైపుల మాట మర్చిపోండి. "పికప్ ఉంది కదా" అని షాపువాడు 20 అడుగుల పైపు తెచ్చి పెడితే మీకు మిగిలేది ఎర్రగుడ్డ కట్టుకుని భయంభయంగా వెళ్లడమే.

6. ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించి చూడండి

షోరూంకి ఒక్కరే వెళ్లకండి. అమ్మనో నాన్ననో, పిల్లల్నో తీసుకెళ్లండి. అసలు పరీక్ష వెనక సీటుది.

పికప్పుల్లో వెనక సీటు వీపు నిటారుగా ఉంటుంది. సీటు వెనకాలే ఇనుప గోడ కాబట్టి వాల్చడానికి చోటుండదు. ఐదు నిమిషాలు కూర్చుంటే బాగానే అనిపిస్తుంది. అరగంట కూర్చోబెట్టండి. ఏసీ వేసి, వెనక గాలి వచ్చే రంధ్రాలున్నాయా చూడండి. మే నెలలో ఇచ్ఛాపురం నుంచి విశాఖ ఆస్పత్రికి, దాదాపు 250 కి.మీ., అందులో పెద్దవాళ్లని కూర్చోబెట్టాలని గుర్తుంచుకోండి.

ఎక్కడం దిగడం కూడా అంతే. చీర కట్టుకున్న ఆవిడ చేయి ఊతం లేకుండా ఎక్కగలరా? పక్క మెట్టు ఉంటే అది కాలు మోపేంత వెడల్పుందా, షోకేనా? పట్టుకునే పిడి స్తంభానికి ఉందా? మోకాళ్ల నొప్పులున్న అమ్మ "నేనెక్కనమ్మా, మీరెళ్లండి" అంటే ఆ బండి కుటుంబానికి కుదరనట్టే. దాని మీద వాదన పెట్టుకోకండి.

సామాను మాట. డిక్కీ ఉండదు. పెళ్లికి ఐదుగురు వెళ్తే సూట్‌కేసులు వెనక బాడీలోనే పడాలి. వాన, దుమ్ము, దొంగ మూడింటికీ అది తెరిచిన తలుపే. బరకం కట్టినా దుమ్ము లోపలికి వస్తుంది. బండి పరుగులో వెనక గాలి సుడి తిరిగి దుమ్ముని లోపలికే తోస్తుంది. కాబట్టి తాళం వేసే మూత ఖర్చుని బండి ధరలోనే కలిపి లెక్క వేయండి.

7. ఖాళీ బండితో మూడు రోడ్లు

షోరూం వాళ్ల టెస్ట్ డ్రైవ్ నున్నటి రోడ్డు మీద పది నిమిషాలుంటుంది. దానివల్ల ఏమీ తెలియదు. మన వైపు చాలామందికి షోరూం విశాఖలోనే కాబట్టి, "బండి మా ఊరికి తీసుకురండి" అని ముందే అడగండి. నిజంగా కొనేవారని నమ్మకం కలిగితే చాలాసార్లు తెస్తారు. ఒప్పుకోకపోతే అదే మోడల్ ఉన్న ఒక ఓనర్ని వెతకండి. "అన్నా, ఖాళీ బండి వెనక ఎగురుతాదా?" అని అడిగితే షోరూంలో చెప్పనిది ఆయన చెబుతాడు.

*మొదటి రోడ్డు: ఊళ్లో, సాయంత్రం.* శ్రీకాకుళం అయితే ఏడు రోడ్ల కూడలి, విజయనగరం అయితే గంటస్తంభం చుట్టుపక్కల. ఆటోలు, బైకులు రెండువైపులా దూరుతుంటే ముందు ఎడమ మూల మీకు కనిపిస్తోందా? స్టీరింగ్ తక్కువ వేగంలో బరువుగా ఉందా? మాన్యువల్ అయితే క్లచ్ తొక్కి తొక్కి కాలు లాగుతోందా? రివర్స్ కెమెరా లేని వేరియంట్ అయితే అక్కడే వద్దనుకోండి. వెనక డోరు ఎత్తులో చిన్నపిల్లాడు నిలబడితే అద్దంలో కనిపించడు.

*రెండో రోడ్డు: హైవే.* పదహారో నంబరు జాతీయ రహదారి మీద కనీసం అరగంట. 80లో ఒకసారి, అనుమతించిన గరిష్ఠ వేగానికి దగ్గరగా ఒకసారి నడపండి. గాలి చప్పుడు, ఇంజిన్ చప్పుడు మధ్య మాట్లాడుకోగలుగుతున్నారా? పక్కనుంచి కంటైనర్ లారీ దాటితే బండి ఊగుతోందా? రోడ్డు మీద వెనక బండ్లేవీ రానప్పుడు గట్టిగా బ్రేక్ తొక్కి, తోక పక్కకి జరుగుతోందేమో చూడండి.

*మూడో రోడ్డు: మీ ఊరి రోడ్డే.* అసలు గుట్టు ఇక్కడే బయటపడుతుంది. ఈ బండ్లకి వెనక కమాన్ పట్టీలుంటాయి. లోడుకి తగ్గట్టు బిగువుగా చేసినవి కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు సాగవు. స్పీడ్ బ్రేకర్ మీద ముందు చక్రాలు మెత్తగా దిగుతాయి, వెనకవి టప్పున ఎగురుతాయి. ఆ సమయంలో వెనక సీట్లో మీరే కూర్చోండి, స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వండి. డ్రైవర్ సీటులో ఆ దెబ్బ సగమే తెలుస్తుంది.

వాన పడితే ఇంకా మంచిది. తడి రోడ్డు మలుపులో, వెనక బరువు లేనప్పుడు, వెనక చక్రాలు పట్టు వదిలే అవకాశం పికప్‌కి ఎక్కువ. అందుకే ఏబీఎస్‌తో సరిపెట్టుకోకుండా, స్కిడ్ అవకుండా ఆపే ఈఎస్‌సీ ఉన్న వేరియంటే తీసుకోమంటాను. సన్‌రూఫ్ లేకపోయినా, పెద్ద స్క్రీన్ లేకపోయినా బతకొచ్చు.

ఎగురుడు మరీ ఎక్కువగా ఉందా? ముందు టైర్ల గాలి చూడండి. డ్రైవర్ డోరు ఫ్రేము మీద స్టిక్కరు ఉంటుంది, ఖాళీకి ఒక అంకె, లోడుకి ఒక అంకె. లోడు అంకె ప్రకారం గాలి కొట్టి ఖాళీగా తిప్పితే ఏ బండైనా ఎగురుతుంది. గాలి సరిచేశాక కూడా అమ్మకి నడుము పట్టేలా ఉంటే అది ఆ బండి స్వభావం. వెనక ఇసుక బస్తాలు వేసి తిరగడం పరిష్కారం కాదు, డీజిల్ దండగ.

8. తర్వాత లోడుతో

షోరూం బండిలో బస్తాలు వేయనివ్వరు. ఐదుగురు పెద్దవాళ్లు ఎక్కితే 350 కిలోలు అయినట్టే. అలా ఎక్కి ఘాట్ రోడ్డు చూడండి. శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు ఎక్కితే చాలు.

- ఎక్కేటప్పుడు గేరు దించకుండా లాగుతుందా అన్నదొక్కటే చూడకండి. మలుపులో ఆగి, మళ్లీ బయల్దేరి చూడండి. వెనక్కి జారుతోందా?
- దిగేటప్పుడు చిన్న గేరులో, బ్రేకు పెద్దగా తొక్కకుండా దింపండి. ఆటోమేటిక్ అయితే చేత్తో గేరు మార్చే మోడ్ ఎలా పనిచేస్తుందో అక్కడే నేర్చుకోండి.
- దిగాక బ్రేకుల దగ్గర మాడిన వాసన వస్తోందా చూడండి.
- రాత్రిపూట వెనక బరువుంటే ముందు లైట్లు ఆకాశంలోకి లేస్తాయి. లైట్ల ఎత్తు దించే గుండ్రటి మీట డాష్‌బోర్డులో ఉందా? ఎదురొచ్చే బైకువాడి కళ్లు కాపాడేది అదే.

9. ఫోర్ బై ఫోర్ మీకు అవసరమా

నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి వెళ్లే ఈ ఏర్పాటు ఎక్కువమందికి అవసరం లేదు. తోటలోకి మట్టిబాట, వానాకాలంలో బురద, బారువ వైపు ఇసుక నేల, సీతంపేట కొండల్లో పని ఉంటేనే దానికి డబ్బు పెట్టండి. మిగతావారికి రెండు చక్రాలకే శక్తి వెళ్లే ఫోర్ బై టూ చాలు.

తీసుకుంటే మాత్రం ఒకటి తెలుసుకోవాలి. ఈ పికప్పుల్లో ఉండేది అవసరమైనప్పుడే వేసుకునే రకం. పొడి తారురోడ్డు మీద దాన్ని వేసి నడపకూడదు. ముందు, వెనక చక్రాలు మలుపులో వేర్వేరు దూరాలు తిరుగుతాయి, ఆ తేడా సర్దుకునే వీలు లేక గేర్లు, షాఫ్టులు బిగుసుకుంటాయి. 'లో' రేంజికి, అంటే నెమ్మదిగా గట్టిగా లాగే గేర్లకి మార్చాలంటే బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి మార్చాలి. కొనేముందు షోరూం వాళ్లతో ఒకసారి వేయించి తీయించండి. పాత బండి అయితే ఇది తప్పనిసరి. ఏళ్ల తరబడి వాడకపోతే మొరాయిస్తుంది.

నీళ్ల సంగతి. హైలక్స్ 700 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడుస్తుందని కంపెనీ చెబుతుంది. అది కదలని నీటికి. నాగావళి, వంశధార పొంగి కాజ్‌వే మీద పారుతుంటే ఏ బండికైనా ఆగడమే మార్గం. రెండడుగుల పారే నీరు పికప్ లాంటి పెద్ద బండిని కూడా పక్కకి నెట్టేయగలదు.

10. నెల ఖర్చు లెక్క

మైలేజీ గురించి షోరూం మాట వినకండి. ఓనర్ దగ్గర ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి లెక్క అడగండి. తర్వాత మీ నోటుబుక్కు కిలోమీటర్లని ఆ మైలేజీతో భాగించండి. నెలకు 1,500 కి.మీ. తిరిగేవారికి లీటరుకు 11 ఇచ్చే బండికి 136 లీటర్లు కావాలి. 18 ఇచ్చే కారుకి 83. తేడా 53 లీటర్లు, ప్రతి నెలా.

డీజిల్ బీఎస్-6 బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద ఆగకుండా ఇరవై నిమిషాలైనా పరుగెత్తాలి. ఇంటి నుంచి షాపుకు 3 కి.మీ., షాపు నుంచి ఇంటికి 3 కి.మీ., అంతే తిరిగేవారికి డాష్‌బోర్డులో డీపీఎఫ్ లైటు వెలుగుతూనే ఉంటుంది. వెలిగిన రోజునే హైవే ఎక్కించండి. పట్టించుకోకుండా వదిలితే వర్క్‌షాపుకు పోవాలి. రోజూ ఊళ్లోనే తిరిగేవారికి డీజిల్ పికప్ సరైన బండి కాదని నా ఉద్దేశం.

అడగాల్సినవి మరికొన్ని:

- ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ ఎంత దూరం? విజయనగరం వాళ్లకి విశాఖ 60 కి.మీ. లోపు. పలాస, సోంపేట వాళ్లకి సర్వీసంటే ఒక రోజు పోయినట్టే.
- ఆ సైజు టైరు మీ ఊరి టైర్ల షాపులో ఉందా, ఆర్డర్ పెట్టాలా?
- యాడ్‌బ్లూ (పొగని శుభ్రం చేసేందుకు విడిగా పోసే ద్రవం) పోయాల్సిన ఇంజినా? అయితే హైవే బంకుల్లో ఎక్కడ దొరుకుతుంది?
- స్టెప్నీ బాడీ కింద వేలాడుతుంది. దాన్ని దింపే రాడ్డుతో ఒకసారి మీరే దింపి చూడండి. అర్ధరాత్రి మొదటిసారి నేర్చుకునే పని కాదది.

11. సెకండ్ హ్యాండ్ అయితే

ఇక్కడ మన తీరప్రాంతానికి ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది, ఉప్పు. రొయ్యలు, చేపల పెట్టెలు మోసిన బండిలో ఐసు కరిగిన ఉప్పునీరు బాడీ సందుల్లోంచి ఛాసిస్ మీదకి కారుతుంది. పైన కొత్త పెయింట్ మెరుస్తున్నా కింద తినేస్తూనే ఉంటుంది.

షెడ్డులో పైకి లేపించి వరుసగా చూడండి:

- ఛాసిస్ పొడవునా స్క్రూడ్రైవర్ పిడితో కొట్టండి. ఖంగున మోగాలి. మొద్దుగా వినిపించినా, రేకు రాలినా వదిలేయండి.
- బాడీ లోపల రబ్బరు పరుపు ఎత్తించండి. ఎత్తనివ్వకపోతే కారణం దాని కిందే ఉంది.
- కమాన్ పట్టీల్లో అదనపు పట్టీ వేశారా? వేస్తే ఓవర్‌లోడు తిరిగిన బండి. క్లచ్, వెనక యాక్సిల్ కూడా అనుమానించాలి.
- టైర్లు లోపలి అంచున మాత్రమే అరిగాయా?
- ముందు ఇనుప గార్డు ఉందా? కేంద్రం 2017లోనే వాటిని వద్దంది. తీయించి దాని వెనక బంపరు, ఛాసిస్ కొమ్ములు వంగాయేమో చూడండి.
- ఉదయం పూర్తిగా చల్లారిన ఇంజిన్‌ని మీ ముందే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు రండి.

కాగితాల్లో ఒక జాగ్రత్త. ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం అని పాత నంబర్లతో తెలిసేది. ఏపీ 39 వచ్చాక నంబరు చూసి జిల్లా చెప్పలేం. కాబట్టి ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఎన్నో ఓనరు, ఫైనాన్స్ బాకీ ఉందా, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా అన్నవి చూడండి. చలాన్లు విడిగా చూడండి.

సరిహద్దు మండలాల్లో ఒడిశా నంబరు బండ్లు చవగ్గా వస్తాయి. చవక వెనక ఖర్చుంటుంది. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ పన్ను మళ్లీ కట్టాలి, 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే నంబరు మార్చుకోవాలి. బేరం కుదరకముందే ఎన్‌ఓసీ ఎవరు తెస్తారో రాసుకోండి. డబ్బు మొత్తం ఎన్‌ఓసీ చేతికొచ్చాకే.

12. ఎక్కువగా జరిగే తప్పులు, సరిదిద్దుకునే దారులు

*తప్పు: అడ్వాన్స్ ఇచ్చాక ఇన్సూరెన్స్, పన్ను అడగడం.* షోరూం ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు విడివిడి వరుసల్లో రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

*తప్పు: బండి రాగానే ఎత్తు పెంచడం, పెద్ద టైర్లు వేయడం.* కంపెనీ ఇచ్చినదాన్ని మార్చితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది, వారంటీ పోతుంది, అమ్మకి ఎక్కడం ఇంకా కష్టమవుతుంది. ఆరు నెలలు ఉన్నది ఉన్నట్టు నడపండి. అప్పటికి ఆ సరదా చాలావరకు తగ్గిపోతుంది.

*తప్పు: తాడు బాడీ అంచుకి చుట్టి లోడు కట్టడం.* పెయింట్ పోతుంది, తాడు జారుతుంది. బాడీ లోపల కొక్కేలు ఎన్ని ఉన్నాయో కొనేముందే లెక్కపెట్టండి. నాలుగుకన్నా తక్కువుంటే వేయించమని అడగండి. బరువుని క్యాబిన్ గోడకి ఆనించి ముందుకి పెట్టండి, వెనక డోరు దగ్గర కాదు.

13. డెలివరీ రోజు

పగటి వెలుగులో తీసుకోండి. సాయంత్రం ఆరు తర్వాత పూలదండలు వేసి తాళాలిస్తే గీతలు కనిపించవు.

- ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఇన్వాయిస్‌తో సరిపోయాయా
- టైర్ల మీద తయారీ వారం, ఏడాది అంకెలు ఐదింటికీ దగ్గరగా ఉన్నాయా
- జాకీ, రాడ్డు, రెండో తాళం ఉన్నాయా
- ఆర్‌సీలో వచ్చే రెండు బరువు అంకెలు కొటేషన్‌లో రాయించుకున్న వాటితో సరిపోయాయా
- ఫాస్టాగ్ సరైన తరగతిలో ఇచ్చారా. తప్పు తరగతి పడితే మొదటి టోల్‌గేటులోనే ఎక్కువ కోస్తుంది. అక్కడ గొడవపడితే వెనక హారన్లు మోగడం తప్ప లాభం లేదు, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకి ఆర్‌సీ పంపి మార్పించుకోవాలి.